ఏడు మూత గిన్నెలు

ఆ ఏడు గిన్నెలూ నావి కావు. ప్రతి గిన్నె మీదా, మూత మీదా చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు మా ఇంటి ఓనరుగారి భార్యది. కొన్న రోజునే స్టీలు కొట్టువాడు మరసూదితో టకటకా కొట్టిస్తాడే, ఆ పేరు. అలా పేరు పడ్డ గిన్నె ఏ ఊరు వెళ్లినా, ఎవరింట్లో దొరికినా ఫలానా వాళ్లదని తెలిసిపోతుంది. అవి నా వంటింటి అరలో, తోమి బోర్లించి, రెండు నెలలకు పైగా ఉన్నాయి. టీ పెట్టుకోవడానికి వెళ్లినప్పుడల్లా కనిపించేవి. తల పక్కకి తిప్పుకునేవాణ్ణి. కిందకి దిగి ఇచ్చి రావడానికి పద్నాలుగు మెట్లు. అయినా ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో చెబితే వేరే ఊళ్లవాళ్లు నవ్వుతారు. మా వైపు వాళ్లు మాత్రం నవ్వరు, వాళ్లకి తెలుసు.

నాకు నలభై ఆరేళ్లు. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని అడక్కండి, అడిగినవాళ్లందరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. పుట్టింది శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున. అమ్మా నాన్నా పోయారు. ఇరవై ఏళ్లకు పైగా సీ భాషలో ప్రోగ్రాములు రాసుకుంటూ విశాఖలో బతికాను. కంపెనీవాళ్లు ఆఫీసు ఎత్తేసి, ఎవరింట్లో వాళ్లు కూర్చుని పని చేసుకోమన్నారు. ఇంక ఆ ఊళ్లో నాకేం పని? విజయనగరం వచ్చి కంటోన్మెంటు వైపు ఒక మేడమీద వాటాలో దిగాను.

కింద ఓనరుగారూ, ఆయన భార్యా ఉంటారు. వాళ్లిద్దరే. ఆయనకి గంటస్తంభం దగ్గర చింతపండు, పప్పుల కొట్టు ఉంది. పొద్దున్నే వెళ్లిపోతే మళ్లీ దీపాలు పెట్టాకే ఇంటికి రావడం. ఆవిణ్ణి నేను పిన్నిగారూ అనేవాణ్ణి. ఆవిడ నన్ను బాబూ అనేది. నాకంటే పన్నెండేళ్లు పెద్దదేమో, అంతే.

ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం బయటివాళ్లకి సుఖంగా కనిపిస్తుంది. పొద్దున లేచి, మెషీను తెరిచి, టైపు చేస్తూ కూర్చుంటాను. మాట్లాడాల్సినవన్నీ కూడా టైపు చేసే మాట్లాడతాను. కొన్ని రోజులు సాయంత్రం నాలుగింటికి కూరలమ్మి వచ్చేదాకా నోరు విప్పే పనే ఉండేది కాదు. ‘వంకాయలు ఉన్నాయా’ అని అడగబోతే గొంతు పెగిలేది కాదు, రెండుసార్లు దగ్గాల్సి వచ్చేది. ఆ దగ్గు వింటే నాకే భయమేసేది.

దిగిన మూడోరోజున పిన్నిగారు పైకి వచ్చింది. చేతిలో మూత గిన్నె.

“పనసపొట్టు కూర బాబూ. ఆవ పెట్టినాను. తింటావేటి?”

“తింటానండీ.”

“ఒక్కడివీ ఏటి వొండుకుంటావులే. అన్నం ఉన్నాదా?”

ఉందన్నాను. లేదు. ఆవిడ వెళ్లాక కుక్కరు పెట్టాను. ఆ పూట కూర్చుని ఎంత తిన్నానో చెప్పను, సిగ్గు.

మర్నాడు గిన్నె తోమి అందులో రెండు చక్రకేళీ అరటిపళ్లు పెట్టి ఇచ్చాను. మా అమ్మ నేర్పింది అది. ఎవరి గిన్నె మనింటికి వచ్చినా ఉత్తిగా తిప్పి పంపకూడదు, ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా పోసి ఇవ్వాలి. ఆ పద్ధతి తప్పితే మా అమ్మ మొహం ఎంత చిన్నబోయేదో నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంటుంది. ఒకసారి పక్కింటివాళ్ల గిన్నె నేను ఉత్తిదే ఇచ్చేసి వచ్చానని, బెల్లం ముక్క చేతికిచ్చి మళ్లీ తరిమింది.

“ఇవెందుకు బాబూ, సోద్యం కాపోతే!” అంది పిన్నిగారు. అంటూనే మూత తీసి లోపలికి చూసింది, మొహం వెలిగింది. అలా నెలా నెలన్నర బాగానే నడిచింది. కంద బచ్చలి వచ్చేది, జామకాయలు వెళ్లేవి. బెల్లం పులుసు వచ్చేది, ఎవరో ఊరినుంచి తెచ్చిన జీడిపప్పు వెళ్లేది. గిన్నె ఇవ్వడానికి దిగితే అరగంట మెట్ల మీదే కబుర్లు. వారానికి మూడు అరగంటలు. నాకు అదే పండగ.

అప్పుడు నా ప్రాణానికి రస్ట్ అని ఇంకో ప్రోగ్రాముల భాష వచ్చి పడింది.

కంపెనీవాళ్లు మా పాత ప్రోగ్రాములన్నీ సీలోంచి రస్ట్‌లోకి మార్చమన్నారు. నాకొచ్చిన వాటా, నీళ్ల మోటార్ల దగ్గర బిగించిన చిన్న పెట్టెలు పంపే లైన్లు చదివే ప్రోగ్రాము. ప్రతి పెట్టె ముందు మూడు లైన్లు పంపుతుంది, తానెవరో, ఎన్ని రీడింగులు ఉన్నాయో చెబుతూ. తరవాత రీడింగులు. ఆ తరవాత మళ్లీ ఇంకో పెట్టెవి. అన్నీ ఒకటే వరస.

ఇలాంటి వరసని ఒక్కొక్కటిగా చేతికందించేదాన్ని ఇటరేటర్ అంటారు. తమలపాకుల కట్ట అనుకోండి. పైనుంచి ఒక్కో ఆకే వస్తుంది, వచ్చింది మళ్లీ కట్టలోకి వెళ్లదు. ఎక్కడిదాకా తీశామో కట్టకే తెలుసు. సీలో అయితే ఆ కట్ట ఎవరైనా లాక్కోవచ్చు, అడిగేవాడు లేడు. రస్ట్‌లో అలా కాదు. ప్రతి వస్తువుకీ ఒక సొంతదారు ఉండాలి. ‘మూడు తియ్యి’ అని కట్టని ఎవరికైనా ఇచ్చేశామంటే ఇంక అది వాళ్లదే, మిగిలిన ఆకులతో సహా పోయినట్టే. అలా కాకుండా ఎరువిచ్చే, అంటే అప్పుగా ఇచ్చే పద్ధతి ఒకటుంది, బై రెఫ్ అని. కట్ట నాదే. నువ్వు మూడాకులు తీసుకుని తిప్పి ఇచ్చెయ్యి, నాలుగోదాన్నుంచి నేను తీసుకుంటాను. అంతే సంగతి. చదివితే ఇంతే. రాయబోతే మాత్రం కంపైలరు నన్ను చీల్చి చెండాడింది.

తప్పులు పట్టే ఆ కంపైలరు గురించి ఒక మాట చెప్పాలి. సీలో అది అంటీ ముట్టనట్టు ఉండేది. ఇది అత్తగారిలా వెంటపడుతుంది. ఎర్ర అక్షరాల్లో, బాణం గుర్తులు వేసి మరీ చూపిస్తుంది, ఇక్కడ తీసుకున్నావు, అక్కడ ఇంకా వాడుతున్నావు, మధ్యలో సొంతదారు ముట్టుకోబోతే కుదరదు అని. ఇన్నేళ్ల అనుభవం ఉన్న నేను, నిన్నగాక మొన్న చేరినవాడిలా నోరెళ్లబెట్టుకు కూర్చున్నాను. ఒళ్లు మండి ఎరువు గొడవే వద్దనుకుని, కట్టకి నకలు తీసి నకల్లోంచి మూడు తీశాను. అసలు కట్టలో ఆ మూడూ అలాగే ఉండిపోయాయి. ప్రోగ్రాము మళ్లీ మొదటినుంచి చదివి, మోటారు పేరుని రీడింగు అనుకుంది. నా మొహంలా ఉంది.

ఆ గొడవలో ఒక గిన్నె పైన ఉండిపోయింది. ఉల్లికారం పెట్టిన వంకాయ కూర తెచ్చిన గిన్నె. తోమాను, కానీ అందులో పెట్టడానికి ఇంట్లో ఏముంది? మెత్తబడ్డ సగం బిస్కెట్ల పొట్లం ఒకటి. అది పెట్టి ఇస్తానా? రేపు బజారుకి వెళ్లి ఏదైనా మంచిది తెచ్చి ఇద్దామనుకున్నాను. ఆ రేపు రాలేదు. ఈలోగా రెండో గిన్నె వచ్చింది. రెండు గిన్నెలకి రెండు రకాలు పెట్టాలి కదా, ఆదివారం చూద్దాంలే అనుకున్నాను. ఆదివారం కంపైలరుతో పోయింది. మూడు, నాలుగు... పాపం ఆవిడ అడగలేదు, పంపుతూనే ఉంది. ఏడోది గుమ్మడికాయ పులుసు. ఒకరోజు సున్నుండలు చేసి ఏడింటిలోనూ నింపి ఇద్దామని మినప్పప్పు వేయించబోయి మాడ్చాను. ఇల్లంతా కంపు. కిటికీలు తెరిచి గరిట పట్టుకుని నిలబడితే ఏడుపొచ్చింది. పప్పు మాడినందుకు కాదు. ఈ వయసులో ఒక గిన్నె నింపడానికి నాకు మనిషంటూ లేరని.

ఏడో గిన్నె తరవాత ఇంక గిన్నెలు రాలేదు.

కోపం వచ్చిందనుకున్నాను. రాదా మరి? ఇంటి సామానంతా మేడెక్కించుకుని ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నవాడి మీద ఎవరికైనా వస్తుంది. ఆవిడ కంటపడితే ఏం చెప్పాలో తెలియక, కింద తలుపు మూసున్నప్పుడే దిగడం మొదలుపెట్టాను. చెప్పులు చప్పుడు చేస్తాయని చేత్తో పట్టుకుని, పిల్లిలా దిగి, గేటు దాటాక తొడుక్కునేవాణ్ణి. కూరలమ్మిని కూడా సందు చివరికి వెళ్లి కలుసుకునేవాణ్ణి. వినేవాళ్లకి వెర్రిగా ఉంటుంది. చేసేవాడికి మాత్రం అదే దారిలా కనిపిస్తుంది, ఏం చెయ్యను.

ఒకరోజు పొద్దున్న తలుపు చప్పుడైంది. గాజుల గలగల వినగానే ఎవరో తెలిసిపోయింది. గిన్నెల కోసమే వచ్చింది. అర గుమ్మానికి ఎదురుగానే ఉంటుంది, తలుపు తీస్తే ఏడూ కనిపిస్తాయి. కుర్చీలో ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

“బాబూ,” అంది. కాసేపాగి మళ్లీ, “బాబూ, ఉన్నావేటి?”

నేను కదల్లేదు. మళ్లీ ఒకసారి కొట్టి, మెల్లిగా మెట్లు దిగిపోయింది. దిగుతుంటే లెక్కపెట్టాను. పద్నాలుగు.

ఆ రోజునుంచి కింద తలుపుకి తరచు తాళం ఉండేది. పొద్దున వేసి ఉండేది, మధ్యాహ్నం వేసి ఉండేది. ఇదివరకు ఊరెళితే ‘నీల్ల మోటరు ఏసుకో బాబూ’ అని చెప్పి మరీ వెళ్లేది. ఇప్పుడు చెప్పకుండా తిరుగుతోంది. అంటే నన్ను లెక్కలోంచి తీసేసిందన్నమాట. నాకు నిజంగానే బాధేసింది. ఒక రోజు కోపం కూడా వచ్చింది. ఏడు గిన్నెల కోసం ఒక మనిషిని వదిలేసుకుంటారా అని, ఎవరూ లేని గదిలో పైకే అన్నాను.

ఇలా మూడు వారాలు కావస్తుండగా మా టీము లీడుతో వీడియో కాల్, నకలు మానేసి మళ్లీ ఎరువు పద్ధతిలో రాసిన ప్రోగ్రాము తెరమీద పెట్టుకుని. భావనపాడు వైపు అమ్మాయి, నాకంటే పదిహేనేళ్లు చిన్న. నలుగురూ ఉన్నప్పుడు నీటుగా మాట్లాడుతుంది. మేమిద్దరమే ఉంటే మన ఊరి మాట వచ్చేస్తుంది.

“ఇదేటి సార్? ఈ మూడు లైన్లు తీసుకుంటానని ఇక్కడ ఎరువు పట్టుకున్నారు. బానే ఉన్నాది. తీసుకున్నారా మరి?”

“తీసుకుంటానమ్మా. కింద రిపోర్టు రాసేచోట కావాలి, అక్కడ తీసుకుందామని.”

“అంటే ఇంకా తియ్యనేదు. తీస్తాను తీస్తానని కట్ట సేతిలో పట్టుకోని కూకున్నారు. ఈలోగా అసలోల్లు నాలుగో లైను తీసుకోవాలంటే ఎలాగ? అదే కదా కంపైలరు మొత్తుకుంటన్నాది.”

“మరేం చెయ్యమంటావు?”

“ఏటుంది సార్, ఆ మూడూ ఇప్పుడే పుచ్చీసుకోండి. కట్ట ఇచ్చీండి. పనైపోనాది.”

ఒక్క లైను మార్చాను. మూడు లైన్లూ అక్కడికక్కడే తీసి పక్కన పెట్టుకున్నాను. ఎర్ర అక్షరాలు పోయాయి. రెండు నెలల తలనొప్పి మూడు నిమిషాల్లో తీరింది. ఆ అమ్మాయి బై చెప్పి వెళ్లిపోయింది. టీ పెట్టుకుందామని లేచాను.

అరలో గిన్నెలు కనిపించాయి. ఈసారి తల తిప్పుకోలేకపోయాను. ఇస్తాను ఇస్తానని పట్టుకు కూర్చున్నది నేనే కదా. ఏదైనా మంచిది దొరికాక, నింపాక, ఆదివారం అయ్యాక. ఈలోగా ఆవిడ వండింది దేంట్లో పోసి పంపుతుంది? కోపం రానక్కర్లేదు, ఇంట్లో గిన్నె లేకపోయినా చాలు పంపడం ఆగిపోవడానికి. ఇంత చిన్న సంగతి రెండు నెలలు తట్టలేదు నాకు. ఇంకేమీ ఆలోచించకుండా ఏడూ ఒకదాంట్లో ఒకటి పేర్చి, మూతలు చంకలో ఇరికించుకుని, ఉత్తి గిన్నెలే పట్టుకుని దిగాను. మా అమ్మ చూస్తే ఏమనేదో.

కింద తలుపు తీసే ఉంది. “పిన్నిగారూ,” అన్నాను. గొంతు పెగల్లేదు. దగ్గి మళ్లీ పిలిచాను.

కర్టెను పక్కకి జరిపి చూసింది. మనిషి సగమైపోయింది.

“నువ్వున్నావేటి బాబూ!” అంది.

“ఇక్కడే ఉన్నానండీ. ఎక్కడికెళ్తాను?”

“మేడమీద సప్పుడే నేదు. దిగడం నేదు, ఎక్కడం నేదు. ఎవులికీ సెప్పకుండా ఎల్లిపోనావనుకున్నాను.”

ఆవిడ వెనక, ముందుగదిలో మంచం వేసి ఉంది. ఓనరుగారు దాని మీద వెల్లకిలా పడుకున్నారు. కుడిచెయ్యి దిండు మీద పెట్టి ఉంది, ఎవరో అక్కడ ఉంచి మరిచిపోయినట్టు. మూతి ఒక పక్కకి లాగేసింది. నన్ను చూసి ఎడమచెయ్యి కొంచెం ఎత్తారు.

“కొట్లోనే కూలబడిపోనారు. అట్నుంచటే ఆస్పత్రికి తీసుకుపోనారు. పద్దెనిమిది రోజులున్నాం. మొన్ననే తెచ్చినాను.”

“నాకు చెప్పలేదే...” అన్నాను. ఆ మాట ఏ మొహం పెట్టుకుని అన్నానో.

“వచ్చినాను కదా ఒకపాలి. తలుపు కొట్టినాను, పిలిసినాను. పలకనేదు నువ్వు.” మామూలుగానే చెప్పింది, నిష్ఠూరం లేదు. “దానికి ముందు రోజే ఈయన పడ్డారు. గంజి కాసి తెమ్మన్నారు డాక్టర్లు. గంజి కాసినాను గానీ, పట్టుకెల్దామంటే మూత గిన్నె ఒక్కటీ నేదు ఇంట్లో. బాబుకాడ ఉంటాయి, ఒకటి పుచ్చుకుందామని వచ్చినాను.”

ఏడు గిన్నెలూ ఇంకా నా చేతుల్లోనే ఉన్నాయి.

“మరేం చేశారు?”

“ఎదురింటోల్లని అడిగినాను. పాపం ఇచ్చినారు. పద్దెనిమిది రోజులూ వాల్ల గిన్నెతోనే నడిసినాది. తిరిగిచ్చినప్పుడు ఏటి పెడతాను, గుప్పెడు కందిపప్పు పోసి ఇచ్చినాను.”

అప్పుడు చెప్పేశాను. ఉత్తి గిన్నె ఇవ్వకూడదని, పెట్టడానికి ఏమీ లేదని, మినప్పప్పు మాడిందని, చెప్పులు చేత్తో పట్టుకున్నానని. తలుపు కొట్టినప్పుడు లోపలే ఉన్నానని కూడా చెప్పాను. అది చెప్పకపోతే ఆవిడ ముందు ఇంకెప్పటికీ నిలబడలేననిపించింది.

ఆవిడ విని గడప మీద కూలబడింది.

“అందుకా! ఓరి నాయినో. నా కూరలు నీకు సయించడం నేదేమో, మొగమాటానికి సెప్పనేకపోతన్నావనుకున్నాను నాను. అయినా బాబూ, ఒక్కదాన్నీ కదా. ఆయనికి అలాగయినాది. ఎవులో ఒకలు ఎనక ఉంటే బాగున్నని ఎంత అనుకున్నానో.”

గిన్నెలు కింద పెట్టాను. నా మీద నాకే అసహ్యమేసింది, ఇప్పటికీ వేస్తుంది. ఇంకెవరూ లేరని నేనేడుస్తున్న రోజుల్లోనే నా కాళ్ల కింద ఇంట్లో ఒక మనిషి ఇంకెవరూ లేరని ఏడ్చింది. మధ్యలో ఒక శ్లాబు. దాని మీద నేను చప్పుడు కాకుండా నడిచాను.

ఆవిడ లేచి గిన్నెలు ఒక్కొక్కటీ తిప్పి చూసుకుని లోపలికి పట్టుకెళ్లింది. ఉత్తివని ఏమీ అనలేదు. వెళ్లమనీ, ఉండమనీ అనలేదు. గుమ్మంలో నిలబడ్డాను. ఓనరుగారికి అటు తిరగాలని ఉన్నట్టుంది, తిరగలేకపోతున్నారు. వెళ్లి భుజం కింద చెయ్యి పెట్టి తిప్పాను. ఎంత బరువో మనిషి.

నేను వచ్చేస్తుంటే వంటింట్లోంచే అంది.

“సప్పుడు సేసుకుంటూ తిరుగు బాబూ. పైన మనిషున్నాడని తెలస్తాది.”

ఇది జరిగి నాలుగు నెలలైంది. కొట్టు ఇంకా మూసే ఉంది. ఓనరుగారు గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు. పొద్దున ఒకసారీ సాయంత్రం ఒకసారీ వెళ్లి ఆయన్ని లేపి కూర్చోబెడతాను. ఆ కుడిచేతిని పిసుకుతాను. గిన్నె మాత్రం పైకి రాలేదు. ఆవిడకి తీరికెక్కడిది, నాకోసం వండి పంపడానికి? పండగలు వచ్చాయి, వెళ్లిపోయాయి. మిగతా రోజంతా నాకు అదే గది, అదే మెషీను, అదే టైపు. అందులో మార్పేమీ లేదు.

పొద్దున్న మాత్రం పైమెట్టు మీదే చెప్పులు తొడుక్కుంటాను. పద్నాలుగు మెట్లూ టపటపలాడించుకుంటూ దిగుతాను. సగం దిగేసరికి లోపల్నుంచి వినిపిస్తుంది.

“బాబేనేటి?”

“నేనే పిన్నిగారూ,” అంటాను. ఆ రోజుకి నా నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే. ఈమధ్య దగ్గాల్సిన పని ఉండటం లేదు.